మొదటి పేరు మేడమ్

హోసియా గిలియార్డ్‌కి భార్య మీద ఎంత ప్రేమో తెల్లదొరలంటే అంత భయం. రెండింటినీ ఒకే గుండెలో పెట్టుకుని నలభై ఏళ్లు కాపురం చేశాడంటే మెచ్చుకోవాల్సిందే. ఆష్‌బరీలో కోర్టు ఎదుటి వీధిలో అతనికి మంగలి షాపు ఉండేది. సౌత్ కరొలైనాలో ఆ రోజుల్లో అలాంటి షాపుల పద్ధతే వేరు. గీసేవాడు నల్లవాడు, గీయించుకునేవాళ్లు తెల్లవాళ్లు మాత్రమే. తన షాపులో తన కుర్చీలో తనే కూర్చుని గడ్డం గీయించుకోవడానికి హోసియాకి వీల్లేదు. తనవాళ్లకి ఆదివారం చర్చి అయ్యాక ఇంటి వరండాలో స్టూలు వేసి గీసేవాడు. ఇదేం చోద్యమని ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు.

భార్య పేరు మేడమ్.

పేరంటే నిజంగా పేరే. బిరుదూ కాదు, మర్యాదకి అంటించిన ముక్కా కాదు. ఆవిడ తల్లి దొరల ఇళ్లకి బట్టలు ఉతికేది. "అలాగే మేడమ్, తెచ్చాను మేడమ్, తప్పయింది మేడమ్" అని రోజంతా అని అని విసిగిపోయిన మనిషి. కాన్పయ్యాక ఆడపిల్ల అని మంత్రసాని చెప్పగానే, "దాని పేరు మేడమ్. నేను ఎంతమందిని అన్నానో అంతమందీ దీన్ని అనాల్సిందే" అందట. పాపం, అనకూడదు అనుకున్నవాడు ఎలాగైనా తప్పించుకుంటాడని ఆ తల్లికి తోచలేదు. దొరలు ఆ పిల్లని చిన్నప్పుడు "ఏయ్ పిల్లా" అన్నారు. పెద్దయ్యాక కత్తిరించి "మ్యాడీ" అన్నారు. జుట్టు నెరిశాక "ఆంటీ" అన్నారు. ఆంటీ అంటే వరస కలిపారనుకునేరు. వరస కలపాల్సిన అవసరం రాకుండా పెట్టుకున్న పిలుపు అది.

పెళ్లైన కొత్తలో హోసియా మాత్రం ఆవిడని పూర్తి పేరుతోనే పిలిచేవాడు. అంత గొప్ప పేరున్న పెళ్ళాం ఊళ్లో ఇంకెవడికీ లేదని అతనికి గర్వం. ఒక శనివారం ఇద్దరూ కోర్టు ముందున్న చౌకులోంచి నడిచి వస్తుంటే గాలికి ఆవిడ కొత్త టోపీ ఎగిరిపోయింది. హోసియా పరుగెత్తి దాన్ని పట్టుకుని, "మేడమ్, ఆగు, నీ టోపీ" అని నవ్వుతూ కేకేశాడు. కొట్టు అరుగు మీద కూర్చున్న ఇద్దరు తెల్లవాళ్లు లేచి వచ్చారు. ఎవర్రా ఇక్కడ మేడమ్ అని కాలరు పట్టుకున్నారు. అది దాని పేరండీ అంటే వినలేదు. సరిగ్గా పిలిచి చూపించమన్నారు. హోసియా భార్య కళ్లలోకి చూడకుండా "మ్యాడీ" అన్నాడు. ఇంకోసారి అనమంటే ఇంకోసారి అన్నాడు. ఆవిడ టోపీ అందుకుని, తలకి పెట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా మ్యాడీయే. ఇంట్లో ఒకటి, బయట ఒకటి అయితే ఎక్కడో ఒకచోట నోరు జారుతుందని అతని లెక్క. ఆవిడ ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని హోసియా చాలాసార్లు అనుకున్నాడు కానీ, ఆవిడ అడిగే రకం కాదు.

వాళ్లకి ఒక్కతే కూతురు. అది జబ్బు చేసి పోతే దాని పిల్ల వెర్నెల్‌ని వీళ్లే పెంచారు. వెర్నెల్‌కి పన్నెండు నిండాయి, అడిగిన ప్రశ్న మళ్లీ అడక్కుండా నిద్రపోదు. వీళ్ల వరండాలో కూర్చుంటే తెల్లపిల్లల హైస్కూలు కనబడేది. ఎర్ర ఇటుకల మేడ, వెనకాల పెద్ద గాజు కిటికీలు. వెర్నెల్ మాత్రం దాన్ని దాటుకుని, ఊరవతల నల్లపిల్లల బడికి నడిచి పోయేది. ఇది తప్పని పెద్ద కోర్టు చెప్పి చాలా ఏళ్లయింది. ఆ మాట ఆష్‌బరీ దాకా ఇంకా నడిచి రాలేదు.

చార్ల్‌స్టన్ నుంచి లాయర్లు వచ్చి, జిల్లా బడుల బోర్డు మీద దావా వేద్దాం, ఎవరు ముందుకొస్తారని చర్చిలో అడిగినప్పుడు చాలామంది చేతులెత్తారు. ఆ తర్వాత ఒకడికి మిల్లులో పని పోయింది. ఒకరికి ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. ఒక్కొక్కరే తప్పుకుంటూ పోగా చివరికి దావాలో మిగిలింది మేడమ్ గిలియార్డ్ ఒక్కతే. హోసియా ఆ రోజు చర్చిలో చెయ్యి ఎత్తలేదు. ఆవిడ ఎత్తుతుంటే చూసి, దించమని మోచేత్తో పొడిచాడు కూడా. ఆవిడ రెండో చెయ్యీ ఎత్తింది.

దావా వేశాక షాపుకి వచ్చేవాళ్లు పలచబడ్డారు. మొదట మానేసింది బోర్డు లాయరు హేగుడ్. ఏళ్ల తరబడి ప్రతి శనివారం హోసియా కత్తి కింద గడ్డం పెట్టి కళ్లు మూసుకుని కునుకు తీసిన మనిషి. ఇప్పుడు తనే గీసుకుంటున్నాడని, దవడ మీద గాట్లు పెట్టుకుంటున్నాడని వినికిడి. హోసియాకి జాలేసింది. హేగుడ్ గడ్డం ఎడమవైపు అడ్డంగా పెరుగుతుంది, ఆ సంగతి అతనికి తెలీదు.

విచారణకి ముందు రోజు సాయంత్రం వీళ్ల తరఫు కుర్ర లాయరు బోయ్‌కిన్ వచ్చి, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, పొగబెట్టిన పంది మాంసం వేసి వండిన బొబ్బర్లన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తింటూనే జాగ్రత్తలు చెప్పాడు. ఈ జడ్జికి ముక్కు మీద కోపం. హేగుడ్ వాదన అంతా ఒకటే, ఈ నల్లవాళ్లకి తాము దేనిమీద సంతకం పెట్టారో తెలీదని, బయటివాళ్లు ఎగదోస్తే పెట్టారని. మీరు నిదానంగా జవాబులు చెప్పారంటే దావా నిలుస్తుంది. మీ సాక్ష్యం కొట్టేశారంటే దావా వేసినవాళ్లే మిగలరు, వెర్నెల్ ఆ బడి మెట్లెక్కదు. అతను ఆవిడని చర్చిలో అందరూ పిలిచినట్టే మదర్ గిలియార్డ్ అనేవాడు. కాగితాల్లో మేడమ్ అని ఉంటే, తన ఆఫీసులో ఎవరో మర్యాదకి రాశారనుకున్నాడు. ఈ పొరపాటు గురించి ఎవరికీ తెలీదు, అతనికి అసలే తెలీదు.

బోయ్‌కిన్ వెళ్లాక హోసియా అంట్లు తుడుస్తూ గొంతు సవరించుకున్నాడు.

"మ్యాడీ, ఆ హేగుడ్ రేపు నిన్ను ఏదో ఒకటి అని పిలుస్తాడు. పిల్ల కోసం ఓర్చుకో. ఏమని పిలిచినా పలుకు."

"ఏమని పిలిచినా పలకాలా?"

"ఏమని పిలిచినా."

ఆవిడ గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "ఇంట్లో పలకడం లేదూ? అక్కడా పలుకుతాలే, మాటిస్తున్నా" అంది.

హోసియా తుడిచిన పళ్లేన్నే మళ్లీ తుడిచాడు.

కోర్టు హాలు కిటకిటలాడింది. నల్లవాళ్లందరూ వెనక బెంచీల్లో, కొందరు గోడకి ఆనుకుని. హోసియాకి ఒక పక్క వెర్నెల్, ఇంకో పక్క మేడమ్. ఆవిడ నీలం రంగు చర్చి టోపీ పెట్టుకుని వచ్చింది. హేగుడ్ లేచి నిలబడ్డాడు. దవడ మీద, సరిగ్గా ఎడమవైపునే, రెండు గాట్లు. హోసియా అంత భయంలోనూ అది గమనించాడు.

"మ్యాడీ గిలియార్డ్" అని పిలిచాడు హేగుడ్.

హోసియా ఊపిరి బిగపట్టాడు. ఆవిడ టోపీ తీసి, బోనులో తియ్యమంటారేమో నీ దగ్గరుంచు అని అతని ఒళ్లో పెట్టి, లేచి వెళ్లింది. మాట నిలబెట్టుకుంది. హోసియా మనసులో దేవుడికి దండం పెట్టాడు. గండం గడిచిందనే అనుకున్నాడు ఆ అమాయకుడు.

గుమాస్తా బైబిల్ తెచ్చాడు. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టి నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. హేగుడ్ కాగితాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే, పేరు చెప్పమన్నాడు.

ఆవిడ వెనక బెంచీ వైపు, మొగుడి వైపు చూసింది. ఆ చూపు హోసియాకి అర్థమైంది. పిలిస్తే పలుకుతానని నీకు మాటిచ్చాను, పలికాను. ఇప్పుడు నా చెయ్యి దేవుడి పుస్తకం మీద పెట్టించి నా పేరు అడుగుతున్నారు. ఇది నీకిచ్చిన మాటలో లేదు.

"మేడమ్ గిలియార్డ్" అంది.

హేగుడ్ తలెత్తాడు. "నిన్ను ఏమని పిలవాలో నేనడగలేదు. నీ పేరేంటని అడిగాను."

"మేడమ్."

ముందు బెంచీల్లో గుసగుసలు లేచాయి. బోయ్‌కిన్ కాగితాల్లోకి చూశాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్లీ కాగితాల్లోకి చూశాడు. జడ్జి కళ్లద్దాలు తీశాడు. ఈ కోర్టులో వేళాకోళాలు సాగవని, ఇంకొక్కసారి సూటిగా జవాబు రాకపోతే సాక్ష్యం కొట్టేస్తానని, దాంతోపాటే దావా కూడా పోతుందని చెప్పాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే హోసియాకి అంత భయం వేసేది కాదు.

"నిజం చెప్పమని చెయ్యి పెట్టించారు కదండీ. చెప్పాను" అంది ఆవిడ.

హేగుడ్‌కి ఉత్సాహం వచ్చింది. జడ్జి వైపు తిరిగి, ఈ మనిషిని నేను ఏళ్లుగా ఎరుగుదును, మొగుడికి అన్నం కారియర్ పట్టుకుని షాపు వెనక గుమ్మం దగ్గరికి రోజూ వస్తుంది, ఊరంతా మ్యాడీయే అంటారు, కట్టుకున్నవాడే మ్యాడీ అంటాడు, పేరే అబద్ధం చెప్పే మనిషి మిగతావి నిజం చెబుతుందా అని అడిగాడు. బోయ్‌కిన్ లేచి ఏదో అనబోతే జడ్జి కూర్చోమన్నాడు.

హోసియా తను లేచి నిలబడ్డానని వెర్నెల్ తన కోటు పట్టుకుని లాగాక గానీ తెలుసుకోలేదు. ఒళ్లోంచి జారబోయిన టోపీని గుండెకి అదుముకుని ఉన్నాడు. హాలంతా తిరిగి చూస్తోంది. కూర్చుందామనుకున్నాడు. కూర్చోలేదు.

"మ్యాడీ ఆవిడ పేరు కాదండీ" అన్నాడు.

జడ్జి నువ్వెవరన్నాడు. మొగుణ్ణండీ అన్నాడు. ముందుకి రమ్మన్నారు. టోపీ చంకలో పెట్టుకునే వెళ్లాడు, బైబిల్ మీద చెయ్యి పెట్టాడు. హేగుడ్ దగ్గరికొచ్చాడు. ఇంత దగ్గర నిలబడి, చేతిలో కత్తి లేకుండా ఆ మొహాన్ని చూడడం హోసియాకి అదే మొదటిసారి.

"హోసియా, నా గడ్డం గీస్తూ 'వస్తున్నా మ్యాడీ' అని ఎన్నిసార్లు కేకెయ్యలేదు నువ్వు? అవునా కాదా?"

"అవునండీ. చాలాసార్లు కేకేశాను."

"మరింకేం?"

హోసియా భార్య వైపు చూశాడు. ఆవిడ బోనులో ఒంటరిగా, టోపీ లేకుండా, నెరిసిన జుట్టుతో నిలబడి ఉంది. చౌకులో ఆ శనివారం కూడా ఇలాగే ఉంది, జుట్టు మాత్రం నల్లగా ఉండేది. ఈవిణ్ణి నేను ఎంత ప్రేమించానో, అంతకంటే భయాన్నే ఎక్కువ మేపాను కదా అనిపించింది.

"పెళ్లినాడు పాస్టరుగారు మేడమ్‌ని చేసుకుంటావా అని అడిగారండీ. చేసుకుంటానన్నాను. మ్యాడీ అనే మనిషిని నేను చేసుకోలేదు." చంకలో టోపీ సర్దుకుని మళ్లీ అన్నాడు. "అది ఆవిడ పేరు కాదు దొరా. మీరంటే నాకు భయం. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరది."

జడ్జి హోసియాని చూశాడు. మంచివాడని ఊళ్లో ఎవరూ అనరు ఆయన్ని, ఆ రోజు కూడా మంచితనం ఏమీ చూపించలేదు. కాకపోతే ఆయనకి పద్ధతుల పిచ్చి. కళ్లద్దాలు పెట్టుకుని హేగుడ్‌ని, ఈ ప్రాంతం కోర్టుల్లో నల్ల సాక్షుల్ని ఎలా పిలవడం మీకు అలవాటని అడిగాడు.

"మొదటి పేరుతోనండీ" అన్నాడు హేగుడ్.

"శ్రీమతి అని గానీ, గిలియార్డ్ గారని గానీ అనరు."

"అనమండీ. ఎప్పుడూ లేదు."

"అయితే మీ అలవాటు ప్రకారమే కానివ్వండి. మొదటి పేరుతో పిలవండి."

హేగుడ్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మెడ మీదనుంచి ఎరుపు పైకి పాకింది. వెనక బెంచీల్లో ఒకరి తర్వాత ఒకరికి దగ్గు వచ్చింది. చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లందరికీ ఒకేసారి గొంతులో కిచ్‌కిచ్ పుట్టింది. ముందు "సాక్షి" అన్నాడు హేగుడ్. జడ్జి పెన్సిల్‌తో బల్ల మీద కొట్టాడు. తర్వాత "నువ్వు" అన్నాడు. మళ్లీ పెన్సిల్.

"మేడమ్" అన్నాడు హేగుడ్.

"చెప్పండి" అంది ఆవిడ.

మేడమ్ అన్న నోటితో వెంటనే నువ్వు అనడం అంత తేలిక కాదు. రెండు మూడు ప్రశ్నలయ్యేసరికి హేగుడ్ నాలుక తనకి తెలీకుండానే మీరులోకి దిగిపోయింది. మేడమ్, ఈ దావా వెయ్యమని మీకు ఎవరు చెప్పారు అన్నాడు. ఎవరూ చెప్పలేదు, మా ఆయన వద్దన్నాడు కూడా అంది. ఈసారి జడ్జి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేడమ్, మీ మనవరాలి బడిలో చదువు బాగా లేదా, టీచర్లు సరిగ్గా చెప్పరా అన్నాడు. అది ఉచ్చు అని హోసియాకి కూడా తెలిసింది. అవునంటే సొంత టీచర్లని కోర్టులో అవమానించినట్టు, కాదంటే దావాయే అక్కర్లేదు.

ఆవిడ తొందరపడలేదు.

"మా గాడిస్ టీచరమ్మ సైన్సు చెబుతుందండీ. ఆ బడిలో సీసాలూ లేవు, మందులూ లేవు. బోర్డు మీద సీసా బొమ్మ గీసి, ఇందులో ఇది పోశాం, ఇదిగో ఇప్పుడు ఎర్రగా మారింది అంటుంది. ఎంత బాగా చెబుతుందంటే పిల్లలందరికీ ఎర్రగానే కనబడుతుంది. మా పిల్ల ఇంటికొచ్చి నాకు చెబితే నాకూ కనబడింది. అంతకంటే మంచి టీచరు మీ బడిలో కూడా ఉండదు." కాస్త ఆగి వెర్నెల్ వైపు చూసింది. "మా వరండాలోంచి మీ బడి గాజు కిటికీలు కనబడతాయి. లోపల సీసాలు వరసగా ఉంటాయి. అవి నిజంగా ఎర్రగా మారడం మా పిల్ల తన కళ్లతో చూడాలండీ. నేను అడిగేది అంతే. నాకు తెలిసే సంతకం పెట్టాను."

హేగుడ్ ఇంకేమీ అడగలేదు. బోయ్‌కిన్ లేచి, నాకు కూడా అడగాల్సింది ఏమీ లేదు మేడమ్ అన్నాడు. పేరు అన్నాడో మర్యాదకి అన్నాడో, రెండూ కలిపే అన్నాడో.

తను ఏం అడుగుతోందో ఈ సాక్షికి బాగానే తెలుసు, దావా నడుస్తుంది అని జడ్జి చెప్పాడు. నడవడమంటే మామూలు నడక కాదు. అప్పీళ్లు, వాయిదాలు, మళ్లీ అప్పీళ్లు. వెర్నెల్ ఆ ఎర్ర ఇటుకల మేడ మెట్లెక్కేసరికి తాత కన్నా పొడుగయింది. మొదటి వారం ఇంటికొచ్చి, అమ్మమ్మా, గాడిస్ టీచర్ చెప్పిన ఎరుపే బాగుంది అంది. అదంతా తర్వాతి సంగతి.

ఆ మధ్యాహ్నం కోర్టు వదిలాక అందరూ మేడమ్ చుట్టూ మూగారు. ఆడవాళ్లు ఆవిడని చుట్టుకుని, నవ్వులూ ఏడుపులూ కలిపేసి మెట్లు దిగించుకుపోయారు. తోపులాటలో హోసియా వెనకబడ్డాడు. బయటికొచ్చేసరికి ఆవిడ వెర్నెల్ చెయ్యి పట్టుకుని చౌకు మధ్యకి వెళ్లిపోయింది. హోసియా మెట్ల మీద ఆగి చూసుకున్నాడు. చంకలో టోపీ. అంచు నలిగిపోయింది.

చౌకు చుట్టూ అరుగుల మీద తెల్లవాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ చూస్తున్నారు. ఆ కొట్టు అరుగు అక్కడే ఉంది, దాని మీద ఇప్పుడు వేరే మనుషులున్నారు. హోసియా టోపీ అంచు సరిచేశాడు. నోరు తెరిచాడు. లోపల మాట తుప్పు పట్టిన తలుపులా కదిలింది.

"మేడమ్, ఆగు. నీ టోపీ."

పెద్దగానే వచ్చింది. అరుగు మీద ఒకడు చుట్ట నోట్లోంచి తీశాడు. మేడమ్ నడక ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు. కోపమేమో, ఇన్నేళ్లకా అనుకుంటోందేమో. మెట్లు దిగి, ఇంకా గట్టిగా పిలిచాడు.

"మేడమ్."

ఆవిడ అలాగే నిలబడింది, వీపు అతని వైపు పెట్టి. ఒంగి వెర్నెల్ చెవిలో ఏదో చెప్పింది. వెర్నెల్ పరుగెత్తుకుంటూ తాత దగ్గరికి వచ్చింది, పళ్లన్నీ బయటపెట్టి.

"తాతా, అమ్మమ్మకి మొదటిసారే వినబడిందట. ఇంకోసారి పిలవమంటోంది."

హోసియా చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని ఇంకోసారి పిలిచాడు.